సెఫీన్ కన్నీళ్లు, డెబ్బై అయిదు శాతం

వారానికి మూడుసార్లు, పదకొండు గంటలకు కాస్త అటూ ఇటూగా, సెఫీన్ జలపాతంలో దూకి చచ్చిపోయేది. పర్యాటకుల ఓడలు వచ్చేది మంగళ, గురు, శనివారాల్లో కాబట్టి చావులూ ఆ రోజుల్లోనే. పన్నెండున్నరకల్లా అదే సెఫీన్ కొండ కింద బూకాన్ అనే కోకో కొట్టం వసారాలో కూర్చుని, తన చావు కథ విని కళ్లు తుడుచుకుంటూ దిగివచ్చిన విదేశీయులకు తన చేత్తో చేసిన చాక్లెట్ పెట్టేది. వాళ్లు తింటూ మళ్లీ కళ్లు తుడుచుకునేవారు. ఎందుకు ఏడుస్తున్నారో ఆమెకు అంతుబట్టేది కాదు. దాల్చినచెక్క ఘాటు ఎక్కువైందేమో అనుకునేది.

ఆమెను చంపినవాడు ఆల్బన్ మొడెస్ట్. పరాయివాడేం కాదు, ఆమె అన్నకు మనవడు. నాలుగో ఏట నుంచి ఆమె చేతి తిండి తిని, ఆమె చేతి దెబ్బలూ తిని ముప్పై నాలుగేళ్లవాడయ్యాడు. ఆరేళ్ల కిందట, జలపాతం నడకా చాక్లెట్ రుచీ కలిపి ఓడ జనానికి చూపిద్దామని మొదలుపెట్టినప్పుడు, వచ్చినవాళ్లు జలపాతం దగ్గర రెండు ఫోటోలు తీసుకుని "ఇంతేనా" అన్నట్టు మొహాలు పెట్టేవారు. గ్రెనాడా దీవిలో జలపాతాలకు కొదవా? లోయకొకటి ఉంది. ఏ గైడుకు ఆ గైడు తన జలపాతమే గొప్పదంటాడు. ఆల్బన్‌కి ఒక కథ కావాలి. రమ్ కొట్టు దగ్గర ఓ ముసలాయన ఎప్పుడో నోరు జారిన మాట గుర్తొచ్చింది: "పడుచుతనంలో మీ సెఫీన్ ఆ బండ మీద రెండు రోజులు కదలకుండా కూర్చుంది." ఎందుకు కూర్చుందో ముసలాయన చెప్పలేదు, ఆల్బన్ అడగలేదు. పడుచుపిల్ల బండ మీద కూర్చుందంటే ప్రేమ కోసం కాక ఇంకెందుకు? ప్రేమించినవాడు ట్రినిడాడ్ ఓడెక్కాడు, ఉత్తరం ముక్క లేదు, పిల్ల దూకింది. మొదటిసారి చెప్పినప్పుడే ఒకావిడ వెక్కి వెక్కి ఏడ్చి, డజను చాక్లెట్లు పట్టుకుపోయింది. ఆ రోజుతో సెఫీన్ చావు ఖాయమైపోయింది.

చాక్లెట్‌కి పేరు కూడా దాన్నిబట్టే పెట్టాడు: 'సెఫీన్ కన్నీళ్లు, డెబ్బై అయిదు శాతం'. కాగితం మీద బండ, బండ మీద జుట్టు విరబోసుకున్న పిల్ల బొమ్మ. వెనక చిన్న అక్షరాల్లో నాలుగు వాక్యాలు, చివర 'ఆమె ఆత్మకు శాంతి కలుగుగాక'.

ఊరంతటికీ తెలిసిన ఈ సంగతి సెఫీన్‌కి ఒక్కదానికే తెలియదు. ఆమె ఆ జలపాతం దారి తొక్కి యాభై రెండేళ్లయింది. మోకాళ్లు పట్టేశాయంటుంది గాని, అవే మోకాళ్లు ప్రతి ఆదివారం చర్చి గుట్ట ఎక్కుతాయి. ఇక కళ్లకు శుక్లాలు. కాగితం అంచులు వేళ్లతో తడిమి చూసుకుని, ఒక్క మడత వంకర పోకుండా చాక్లెట్లు చుట్టేది. ఆరేళ్లపాటు తన చావు కబురు తానే చుట్టి అందరి చేతుల్లో పెట్టిందన్నమాట.

ఫిబ్రవరిలో రాజధాని సెయింట్ జార్జెస్ తీసుకెళ్లి కళ్లకు ఆపరేషన్ చేయించాడు ఆల్బన్. తన చేత్తో తానే తెచ్చుకున్న చిక్కు చూడండి. కట్లు విప్పిన వారానికి, ఒక బుధవారం పొద్దున, ఆమె వసారాలో కాగితాల కట్ట ముందేసుకుని కూర్చుంది. ఆల్బన్ పెరట్లో కోకో పులిసే పెట్టె మీద అరటాకులు తీసి గింజలు తిరగేస్తున్నాడు. పుల్లటి ఆవిరి ముక్కుకు కొడుతోంది. పక్కింటి క్లారిస్ వేయించిన గింజల పొట్టు తీస్తోంది.

"ఒరేయ్ ఆల్బన్," అంది సెఫీన్.

"ఏంటి టాంటీ?" ఇంటి పెద్దావిడను అక్కడ అలాగే పిలుస్తారు.

"నేనెప్పుడు పోయాన్రా?"

ఆల్బన్ చేతిలో పార ఆగిపోయింది.

"తేదీ వెయ్యలేదిక్కడ. పోయినవాళ్లకి తేదీ వెయ్యద్దూ?"

"అది... ఊరికే, అమ్మకం కోసం టాంటీ. కథ అంతే."

"ఊరికే చంపేశావన్నమాట. ఎవడి కోసం చచ్చానో, వాడి పేరేంటి?"

"పేరు పెట్టలేదు."

"బాగుందిరా. నన్ను చంపడానికి తీరిక దొరికింది గాని వాడికి పేరు పెట్టడానికి దొరకలేదు."

క్లారిస్ పొట్టు చాట మూతికి అడ్డం పెట్టుకుని నవ్వింది. సెఫీన్ ఆమె వైపు తిరిగింది. కొత్త కళ్లు, తప్పించుకోవడానికి లేదు.

"నీకూ తెలుసుటే?"

"ఊరందరికీ తెలుసు సెఫీనక్కా. నీతో ఎవరు చెబుతారు? మొన్న చర్చిలో ఫాదర్ నీతో చెయ్యి కలిపినప్పుడు మా ఆయన 'ఆవిడ పునరుత్థానం ఇవాళా?' అన్నాడు."

"మీ ఆయన సంగతి తరవాత చూస్తా." సెఫీన్ కాగితం మళ్లీ చదివింది. ఈసారి పెదాలు కదుపుతూ, ఒక్కో మాటా. చదివాక దాన్ని చాక్లెట్ చుట్టూ ఎప్పటిలాగే మడత పెట్టింది. "రేపు గురువారం కదూ? నేనూ వస్తా. నేను పోయిన చోటు నేను చూసుకోవద్దూ?"

క్లారిస్ నవ్వు ఆగిపోయింది. సెఫీన్ జలపాతానికి వస్తానడం ఆ వీధిలో ఎవరూ విని ఉండలేదు.

ఆ మధ్యాహ్నం ఆల్బన్‌కి తిండి సయించలేదు. చాక్లెట్ పేరు పోతుందని కాదు, పేరుదేముంది, ఇంకోటి పెట్టుకోవచ్చు. ఆమె తిట్టలేదు, అదీ వాడి భయం. చిన్నప్పుడు ఏ తప్పు చేసినా ఆమె వీధి వినేలా తిట్టి, అరగంటలో అన్నం పెట్టేది. తిట్టకుండా ఊరుకున్నది ఒక్కసారీ లేదు. ఈ లోకంలో వాడికి తల్లన్నా తండ్రన్నా ఆవిడే. రేపు ఆ బండ దగ్గర నిలబడి ఆమె వాణ్ణి ఒక్క చూపు చూసి, ఇక వీడు నావాడు కాదు అనుకుంటే ఏం చెయ్యాలో వాడికి తోచలేదు.

గురువారం వచ్చినవాళ్లు ముగ్గురే: కెనడా నుంచి మర్రే, ఆయన భార్య డోరీన్, వాళ్ల పెళ్లికాని కూతురు పౌలా. మర్రే నలభై ఏళ్లు బడిపిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి, చెవులు కొంచెం మందం. సెఫీన్ చర్చి టోపీ పెట్టుకుని, చేతికర్రతో సిద్ధంగా ఉంది.

"మరి సొరుగుల సంగతో?" అన్నాడు ఆల్బన్. బూకాన్ కింది నుంచి పట్టాల మీద బయటికి లాగే ఆ పెద్ద చెక్క సొరుగుల్లోనే కోకో ఎండుతుంది. చినుకు పడితే వాటిని లోపలికి తోసేది సెఫీనే. క్లారిస్ ఆ వేళ గ్రెన్‌విల్ సంతకు పోయింది.

సెఫీన్ ఆకాశం చూసింది. "ఎండ బాగానే ఉంది. పద."

"ఈవిడ మా టాంటీ," అని చెప్పాడు వచ్చినవాళ్లకి. "మీరు తినబోయే చాక్లెట్ ఈవిడ చేసిందే." పేరు మాత్రం మింగేశాడు.

దారిలో ఆల్బన్ ఎప్పటి మాటలే చెప్పాడు గాని, గొంతు ఎప్పటిది కాదు. కోకో కాయ కత్తితో ఒక్క దెబ్బకు పగలగొట్టి, తెల్లటి గుజ్జు పట్టిన గింజలు తలొకటి ఇచ్చాడు. "చప్పరించండి, కొరక్కండి." డోరీన్ కొరికింది, మొహం చేదుగా ముడుచుకుంది. జాజికాయ చెట్టు కింద ఆగి, పగిలిన కాయలోని ఎర్రటి జాపత్రి చూపించి, "ఈ చెట్టు వయసు మూడొందల ఏళ్లు," అన్నాడు.

"మా అన్న నాటాడు," అంది వెనక నుంచి సెఫీన్. "నేనే నీళ్లు పోశా."

పౌలా పకపకా నవ్వింది. అక్కడ నుంచి ఆ ముగ్గురూ ఆల్బన్ ఏది చెప్పినా ముందు సెఫీన్ మొహం చూసి ఆ తర్వాతే నమ్మారు. దారిలో కనిపిస్తాయని ఆల్బన్ చెప్పిన కోతులు ఎటు పోయాయని మర్రే అడిగితే, "ఓడ రాని రోజు చూసుకుని వస్తాయి," అంది. ఆల్బన్‌కి కాస్త ఊపిరాడింది. వేళాకోళం చేస్తోందంటే కోపం లేదేమో అనుకున్నాడు.

వాగు రెండోసారి దాటాక దారి చీలుతుంది. కుడివైపు జలపాతానికి, ఎడమవైపు పొలాల మీదుగా తిరిగి బూకాన్‌కి. అక్కడ సెఫీన్ నిలబడిపోయింది. కర్ర నేలకు ఆనించి, ముందు ఎడమకీ తర్వాత కుడికీ చూసింది.

"మోకాళ్లా టాంటీ? పోనీ ఇక్కడ కూర్చుంటావా?"

"మోకాళ్లకేం, రాళ్లలా ఉన్నాయి. నువ్వు నడు."

జలపాతం పెద్దదేం కాదు. ఒక తాటిచెట్టు ఎత్తు ఉంటుందేమో. కింద మడుగు పచ్చగా, గుండ్రంగా, లోతు తెలియకుండా ఉంటుంది. పక్కనే నున్నటి నల్ల బండ. సెఫీన్ ఆ బండ దగ్గరికి వెళ్లలేదు. దూరంగా వెదురు పొద కింద నిలబడింది. ఆల్బన్ ఆమెను చూసి, కథ ఎగ్గొట్టేద్దామనుకున్నాడు.

"ఇక ఈత కొట్టేవాళ్లు దిగొచ్చు," అన్నాడు గబగబా.

"ఏదో కథ ఉందన్నారే?" అంది డోరీన్. "ఓడలో మా పక్క గదావిడ చెప్పి చెప్పి ఏడ్చింది."

"చెప్పరా," అంది సెఫీన్. "అందుకేగా ఇంత దూరం వచ్చా."

చెప్పాడు. ఆరేళ్లలో ఎన్ని వందలసార్లు చెప్పాడో ఆ కథ, ఎక్కడ ఆగాలో ఎక్కడ గొంతు తగ్గించాలో నోటికి అలవాటే. ఆ రోజు మాత్రం ప్రతి మాటకీ వెదురు పొద వైపు చూశాడు. పంతొమ్మిదేళ్ల పిల్ల, ఎండే గింజలు తిరగేయడానికి కోకో మీద నడిచే పిల్లలందరిలోకీ అందగత్తె. ప్రేమించినవాడు ఓడెక్కాడు. రెండు రోజులు ఈ బండ మీద తిండీ నీళ్లూ లేకుండా దారి చూసింది. మూడో రోజు పొద్దున ఇక్కడ చెప్పులు మాత్రమే ఉన్నాయి.

"చెప్పులా?" అంది సెఫీన్. "అప్పట్లో మాకెవరికిరా చెప్పులు?"

"టాంటీ..."

"సరేలే, ఉండనీ. కథలోనైనా వేసుకుందిలే." కర్రతో నేల గీస్తూ అడిగింది. "ఇంట్లో ఎవరూ లేరా ఆ పిల్లకి? అక్కచెల్లెళ్లు?"

"లేరు. ఒక్కతే."

సెఫీన్ టోపీ తీసి, విసురుకోవడానికన్నట్టు చేతిలో పట్టుకుంది గాని విసురుకోలేదు. డోరీన్ కళ్లు తుడుచుకుంది. మర్రే చొక్కా విప్పి నీళ్లలోకి దిగి, చెవుల దాకా మునిగి, పొట్ట పైకి పెట్టి తేలుతూ ఆకాశాన్ని చూడసాగాడు. పౌలా మడుగు అంచున కాళ్లు పెట్టుకుని కూర్చుంది.

ఆల్బన్ మొదట వెలుగు తగ్గడం గమనించాడు. తల ఎత్తి చూస్తే, గ్రాండ్ ఎటాంగ్ సరస్సు వైపు కొండ నెత్తిన మబ్బు నల్లగా దిగిపోయి ఉంది. చినుకు చేతి మీద పడింది. వాడి ప్రాణం ఎక్కడికి పోయిందంటే, నేరుగా సొరుగుల మీదికి పోయింది. వారం రోజుల పంట, ఇంకొక్క ఎండ కాస్తే చాలు. తడిస్తే బూజు, బూజు పడితే పందులకు కూడా పనికిరాదు. కోకో ఇళ్లలో పుట్టినవాడికి చినుకు పడితే ఇంకో ఆలోచన రాదు. పెళ్లిపీటల మీద ఉన్నా లేచి పరిగెడతాడు.

"టాంటీ, నువ్వు వీళ్లని పైకి లాగు. నేను సొరుగులు తోసేసి పది నిమిషాల్లో వస్తా!" అంటూ దారి మీదికి దూకాడు.

నాలుగడుగులు వేశాడో లేదో వెనక నుంచి కేక.

"ఆల్బన్!"

అది డెబ్బై ఒక్క ఏళ్ల ముసలిదాని గొంతు కాదు. ఆల్బన్ కాళ్లు ఉన్నచోట ఉన్నట్టే ఆగిపోయాయి. చూస్తే సెఫీన్ కర్ర పారేసింది, టోపీ పారేసింది, బండ మీదికి ఎక్కేసింది.

"కోకో తడిస్తే తడవనీరా! కొండ మీంచి నది దిగుతోంది, వరద! వాసన తెలియట్లేదూ? ఆయన్ని లాగు!"

అప్పుడు తెలిసింది వాసన. పచ్చి మట్టి వాసన, కొండ మీద ఎక్కడో కురిసిన వాన మోసుకొచ్చేది. పచ్చటి మడుగులో ఎర్రటి బురద చార ఒకటి సాగి వచ్చింది, దాని వెనక ఆకులు, పుల్లలు. పౌలా లేచి నిలబడి తండ్రిని పిలుస్తోంది, ఆయన చెవులు నీళ్లలో ఉన్నాయి. ఆల్బన్ బట్టలతోనే దూకాడు. మర్రేకి ముందు కోపం వచ్చింది, తర్వాత భయం వేసింది. సెఫీన్ బండ మీద బోర్లా పడుకుని చెయ్యి చాచింది. ఆల్బన్ కింది నుంచి తోస్తే, ఆమె పై నుంచి లాగింది. అందరూ వెదురు పొద వెనక మెట్టు ఎక్కి, రాతి చూరు కిందికి చేరారు.

నది దిగింది. గుర్రాల గుంపు వచ్చినట్టు చప్పుడు చేసుకుంటూ వచ్చి, ఎర్రటి నీళ్లు మడుగునీ బండనీ ముంచేసి, సెఫీన్ టోపీని తీసుకుపోయాయి. మర్రే ఒకసారి తన చేతిని, ఆ ముసలావిడ గోళ్లు దిగిన చోటు, తడిమి చూసుకున్నాడు. ఆల్బన్ తడిసిన చొక్కా పిండుకున్నాడు. తను ఇంకో పది అడుగులు వేసి ఉంటే ఏమయ్యేదో లెక్క కట్టాలని కూడా లేదు వాడికి. సెఫీన్ మాత్రం నీళ్లనే చూస్తోంది. ఆమె పెదాలు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తోందనుకుని డోరీన్ ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

గంటకు పైగా ఆగి, నీళ్లు తీశాక కిందికి దిగారు. సొరుగులు అన్నీ బయటే ఉన్నాయి. ఎర్రటి గింజలు నానిపోయి, చెక్కల సందుల్లోంచి గోధుమ రంగు నీళ్లు కారుతున్నాయి. ఆల్బన్ అటు చూడలేక మొహం తిప్పుకున్నాడు. సెఫీన్ చూసింది గాని, కొట్టంలోకి వెళ్లి ముందు పొయ్యి రాజేసింది. కోకో ఉండ నీళ్లలో కరిగించి, బిర్యానీ ఆకూ దాల్చినచెక్కా వేసి, జాజికాయ గీరి, చిక్కటి కోకో టీ తలో గిన్నె పోసింది. ఆ తర్వాత పలక మీద చాక్లెట్ ముక్కలు పెట్టింది. ఒట్టి గింజ పలుకులు ముందు, చక్కెర లేనిది తర్వాత, డెబ్బై అయిదు శాతం ఆఖర్న.

"నమలకండి. నాలుక మీద పెట్టుకుని ఊరుకోండి. తొందరపడితే చేదే తెలుస్తుంది."

మర్రే పిల్లాడిలా కళ్లు మూసుకుని కూర్చున్నాడు. డోరీన్ కాగితం మీది బొమ్మ చూసి, "ఈ సెఫీన్ అనే అమ్మాయి కూడా ఇలాగే చేసేదేమో కదూ," అంది.

"మంచి చెయ్యే అనేవారు," అంది సెఫీన్.

వెళ్లేటప్పుడు మర్రే ఆమె చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, వంగి ఆ చేతికి నుదురు తాకించి వ్యాను ఎక్కాడు.

మధ్యాహ్నం ఎండ మళ్లీ కాసింది, ఏమీ ఎరగనట్టు. సెఫీన్ కాళ్లు కడుక్కుని మొదటి సొరుగులోకి ఎక్కింది. కోకో మీద నడిచే పద్ధతి ఒకటుంది. పాదం ఎత్తకూడదు, ఈడ్చాలి. గింజలు వేళ్ల మధ్య నుంచి దొర్లి తిరగబడాలి. ఒక వరస అటు, ఒక వరస ఇటు. ఆల్బన్ పక్క వరసలోకి దిగాడు. అలా రెండు సొరుగులు నడిచారు.

"తిట్టు టాంటీ," అన్నాడు చివరికి. "కథకి తిట్టు. లేకపోతే ఇవాళ ఆ మనిషిని నీళ్లలో వదిలేసి పరిగెత్తినందుకు తిట్టు. ఏదో ఒకదానికి తిట్టు."

"పరిగెత్తినందుకు నేనెలా తిడతాన్రా? ఆ పరుగు నాదే." ఆమె నడక ఆపలేదు. "ఎల్మా జ్వరంతో పోయిందని కదూ మీ తాత నీకు చెప్పింది?"

"ఆఁ. మీ చెల్లెలు. చిన్నప్పుడే."

"పదిహేనేళ్లది. జ్వరమూ లేదు గిరమూ లేదు. మీ తాత నా కోసం అలా చెప్పాడు." ఇంకో వరస తిరిగింది. "అది పైన ఆ మడుగు దగ్గరే దుప్పట్లు ఉతుకుతోంది. నేను సబ్బు పట్టుకుని పోతున్నా. ఆ దారి చీలిక దగ్గరికి వచ్చేసరికి మేం పనిచేసే కోకో ఎస్టేటులో గంట కొట్టారు. గంట కొడితే వానని అర్థం, ఎక్కడున్నవాళ్లు అక్కణ్ణుంచి సొరుగులకి పరిగెత్తాలి. అదే నిమిషానికి పైనుంచి వాసన కూడా వచ్చింది. ఇవాళ్టి వాసనే. రెండూ తెలిశాయిరా నాకు. తెలియలేదని ఎన్నోసార్లు చెప్పుకున్నా గాని, తెలిశాయి. కాళ్లు ఎడమకే, సొరుగుల వైపే పోయాయి."

ఆల్బన్ ఆగిపోయాడు. "నడువు," అంది. నడిచాడు.

"పద్నాలుగు సొరుగులు తోశా. ఒక్క గింజ తడవలేదు. మేస్త్రీ అందర్నీ నిలబెట్టి, సెఫీన్‌ని చూసి నేర్చుకోండి అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను నవ్వా, ఆల్బన్. పళ్లన్నీ కనబడేలా నవ్వా. అప్పటికి దాన్ని తీసుకుపోయింది నది. ఒక దుప్పటి దొరికింది, బండకి చుట్టుకుని. ఎల్మా దొరకలేదు. అందుకు కూర్చున్నా ఆ బండ మీద రెండు రోజులు. ఎవడో ఓడెక్కినవాడి కోసం కాదు."

ఆల్బన్‌కి దుఃఖం వచ్చింది, సిగ్గు వచ్చింది. యాభై రెండేళ్లు ఈవిడ గుండెల్లో మోసినదాన్ని తను వేలమందికి చాక్లెట్‌లో చుట్టి అమ్ముకున్నాడు. "మానేస్తా టాంటీ," అన్నాడు ముక్కు చీదుకుంటూ. "శనివారం నుంచి ఆ కథ చెప్పను. ఆ కాగితాలన్నీ పొయ్యిలో పెట్టేస్తా."

"ఎందుకూ?" అంది సెఫీన్. "నాకు నచ్చింది."

"అదంతా అబద్ధం కదా!"

"అబద్ధమే. నీ కథలో నీళ్లలో పోయింది ఎవరు?"

"నువ్వు."

"మరి ఎల్మా పోలేదుగా."

సెఫీన్ కాలి వేళ్ల మధ్య ఇరుక్కున్న గింజ విదిల్చింది.

"ఒక్కతే అన్నావు నన్ను, అక్కడ బండ దగ్గర. ఎందుకొక్కతే? చెల్లెలు ఉంది. అక్క పోయింది, చెల్లెలు ఉండిపోయింది. అది కూడా చెప్పు వచ్చేవాళ్లకి." ఎండలో ఆమె కొత్త కళ్లు చికిలించి వాణ్ణి చూసింది. నిన్నట్నుంచి వాడు భయపడ్డ చూపు కాదది. అడుక్కునే చూపు. ఆ చూపు ఆమె మొహంలో వాడెప్పుడూ చూడలేదు. "పెళ్లయిందా దానికి?"

ఆల్బన్ ఇంకో అడుగు ఈడ్చాడు. "అయింది."

"ఎవడితో?"

"గ్రెన్‌విల్‌లో పడవలు చేసేవాడు. మంచి పనివాడు."

"తాగుతాడా?"

"ఆదివారాలు మాత్రం."

"ఆ మాత్రం లేనివాడు ఎక్కడ దొరుకుతాడులే. పిల్లలో?"

"నలుగురు."

"అబ్బే, ముగ్గురు చాలు. సన్నగా ఉండేది, తట్టుకోలేదు." సెఫీన్ పాదాలు గింజల్లో ఈడుస్తూ సొరుగు చివరిదాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "ముగ్గుర్లో పెద్దది ఆడపిల్లా?"

"ఆడపిల్లే."

"ఏం పేరు పెట్టుకుంది?"

ఆల్బన్ ఆలోచించలేదు. ఆలోచించవలసిన అవసరం కూడా లేకపోయింది.

"సెఫీన్," అన్నాడు. "పోయిన అక్క పేరు పెట్టుకోకుండా ఉంటుందా? అక్కంటే ప్రాణం దానికి."

ఆమె కాళ్లు ఆగిపోయాయి. సొరుగు అంచు చేత్తో తడుముకుంటూ, మళ్లీ చూపు పోయినదానిలా, మెల్లిగా కూలబడి, రెండు చేతులూ మొహానికి కప్పుకుని, వీధి వినేలా ఏడ్చింది. ఆల్బన్ ఊరుకోబెట్టలేదు. తడిసిన గింజ కదపకుండా వదిలేస్తే బూజు పడుతుంది కాబట్టి, ఆమె నడవాల్సిన వరసలు కూడా వాడే నడిచాడు.